పాత మస్టాంగ్‌తో ఆటోక్రాస్.. ఇంజిన్ జోలికి వెళ్లకముందే చేయాల్సిన పనులివే!

బానెట్ ఎత్తితే వీ8 ఇంజిన్. స్టార్ట్ చేస్తే పార్కింగ్ లాట్‌లో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేంత శబ్దం. అది 60 ఏళ్ల కిందటి ఫోర్డ్ మస్టాంగ్. దాని పక్కనే బొమ్మ కారులా కనిపించే చిన్న మజ్దా మియాటా. రెండింటికీ ఒకటే ట్రాక్, ఇద్దరు డ్రైవర్లదీ ఒకటే పని. తీరా టైమ్ చూస్తే మియాటా ముందుంది, మస్టాంగ్ వెనకబడింది. అమెరికాలో వారాంతాల్లో జరిగే ఆటోక్రాస్ పోటీల్లో ఇది తరచూ కనిపించే సీనే.

లెక్కల్లో చూస్తే ఇలా జరగకూడదు. 1990 మోడల్ మియాటా పవర్ 116 హార్స్‌పవర్ మాత్రమే. 1965 మస్టాంగ్‌లో వచ్చిన 289 వీ8 ఇంజిన్‌కు ఆనాటి కంపెనీ లెక్కల ప్రకారం 200 నుంచి 271 హార్స్‌పవర్ ఉండేది. మరి తేడా ఎక్కడ కొట్టింది? ఇంజిన్‌లో కాదు.. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, స్టీరింగ్, చివరికి సీటు దగ్గర కూడా.

పాత మజిల్ కారు కొన్నవాళ్లలో చాలామంది ముందుగా చేసే ఖర్చు మాత్రం ఇంజిన్ మీదే. ఇక్కడే పప్పులో కాలేస్తారు. నేలను పట్టుకోలేని కారుకు ఇంకో 100 హార్స్‌పవర్ తగిలించడమంటే నేల విడిచి సాము చేయడమే. అసలు ఆటోక్రాస్ అంటే ఏంటి? పాత మజిల్ కారును దానికి ఏ వరుసలో సిద్ధం చేయాలి? తెలుసుకుందాం..

ఆటోక్రాస్ అంటే ఏంటి?

మన దగ్గర డ్రైవింగ్ లైసెన్స్ టెస్టులో ఆర్టీఏ ట్రాక్ మీద ‘ఎనిమిది’ వేయిస్తారు కదా. దాన్నే నాలుగైదు రెట్లు పెద్దది చేసి, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని ‘ఎంత త్వరగా వేస్తావో వెయ్’ అంటే ఎలా ఉంటుంది? అమెరికన్ ఆటోక్రాస్ దాదాపు అలాగే ఉంటుంది. పెద్ద పార్కింగ్ లాట్‌లోనో, వాడకంలో లేని ఎయిర్‌ఫీల్డ్‌లోనో ప్లాస్టిక్ కోన్లు పేర్చి దారి గీస్తారు. ఒక్కో కారు విడివిడిగా పరుగు తీస్తుంది. పోటీ పక్క కారుతో కాదు, గడియారంతో. ఒక్కో పరుగు సాధారణంగా నిమిషం లోపే ముగుస్తుంది. వేగం కూడా హైవే మీద వెళ్లేంతే. చాలా కార్లు రెండో గేరు దాటవు.

రూల్స్ సింపుల్. కోన్‌ను తగిలి పడేస్తే టైమ్‌కు 2 సెకన్లు కలుపుతారు. దారి తప్పి ఒక గేటు వదిలేస్తే ఆ పరుగే లెక్కలోకి రాదు. ఒక రోజులో ఒక్కొక్కరికీ కొన్ని పరుగులు ఉంటాయి. వాటిలో బెస్ట్ టైమ్ ఏదో అదే ఫలితం.

అమెరికాలో ఈ పోటీలకు పెద్ద దిక్కు స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా.. షార్ట్‌గా ఎస్‌సీసీఏ. 1944లో పుట్టిన ఈ క్లబ్ ఆటోక్రాస్‌ను ‘సోలో’ పేరుతో నడిపిస్తుంది. ఏటా సెప్టెంబర్‌లో జరిగే సోలో నేషనల్స్‌కు కొన్నేళ్లుగా నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరం వేదికవుతోంది. అన్నట్టు, బ్రిటన్‌లో ఆటోక్రాస్ అంటే గడ్డి నేల మీద, మట్టి మీద జరిగే పోటీ. పేరు ఒకటే, ఆట వేరు. ఇక్కడ చెబుతున్నది తారు, కాంక్రీట్ మీద జరిగే అమెరికన్ పద్ధతి గురించే.

మజిల్ కారుకు మలుపులంటే ఎందుకంత ఇబ్బంది?

1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో మజిల్ కార్ల జోరు మొదలైందని చెబుతారు. అదే ఏడాది ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో మస్టాంగ్ జనం ముందుకొచ్చింది. మొదటి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మస్టాంగ్ లాంటి చిన్న కార్లను అక్కడ ‘పోనీ కార్’ అని విడిగా పిలిచేవాళ్లూ ఉన్నారు. పేరు ఏదైనా ఆ రోజుల్లో కుర్రకారు పందెం ఒకటే. సిగ్నల్ పడగానే ముందు ఎవరు దూసుకెళ్తారు? అందుకే ఈ కార్లన్నీ ముక్కుసూటి పరుగుకే పనికొచ్చేలా తయారయ్యాయి.

ఒకసారి మస్టాంగ్ కిందకు తొంగి చూస్తే విషయం అర్థమవుతుంది. ఇనుప వీ8 ఇంజిన్ అంతా ముందు చక్రాల మీదే కూర్చుంది. కాబట్టి బరువులో సగానికి పైగా ముందు వైపే. వెనుక ఒకే ముక్కగా ఉండే గట్టి యాక్సిల్, దాన్ని మోసేది కమాన్ కట్టలు. మన లారీల కింద కనిపించే పట్టీల కట్టలాంటివే. స్టాండర్డ్ మోడల్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. స్టీరింగ్ ఒక చివరి నుంచి మరో చివరికి తిప్పాలంటే నాలుగు చుట్లకు పైగా తిప్పాలి. ఇలాంటి కారును కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పితే ముందు భాగం తిరగనని మొరాయిస్తుంది. విసుగొచ్చి యాక్సిలరేటర్ తొక్కితే వెనుక భాగం జారిపోతుంది.

అలాగని ఈ కార్లు మలుపులకు పనికిరావని కాదు. ఆ మాట తప్పని ఆ రోజుల్లోనే రుజువైంది. 1965లో క్యారల్ షెల్బీ మస్టాంగ్ సస్పెన్షన్, బ్రేకులు మార్చి షెల్బీ జీటీ350గా రేస్ ట్రాక్ మీదకు తెచ్చాడు. 1966లో ఎస్‌సీసీఏ ట్రాన్స్-యామ్ సిరీస్ మొదలైంది. అందులో పోటీ పడేందుకే షెవర్లే 1967 కమారోలో 302 ఇంజిన్‌తో జెడ్28 ప్యాకేజీ ఇచ్చింది. అంటే ఏం మార్చాలో అరవై ఏళ్ల కిందే తేలిపోయింది. మస్టాంగ్ అంటే అడవి గుర్రం. దానికి పరుగు నేర్పక్కర్లేదు.. కళ్లెం వేయాలి.

స్పానర్ పట్టేముందు రూల్ బుక్ చదవాలి

ఎస్‌సీసీఏలో కార్లను క్లాసులుగా విడగొడతారు. కారులో ఏ మార్పు చేశారన్నదాన్ని బట్టి ఎవరితో పోటీ పడాలో తేలుతుంది. ‘స్ట్రీట్’ క్లాసుల్లో మార్పులకు పరిమితులు ఎక్కువ. సరదాపడి చేసిన ఒక్క మార్పు కారును ఏకంగా పై క్లాసుకు నెట్టేయొచ్చు. అక్కడ పూర్తిస్థాయి రేస్ కార్లతో తలపడాల్సి వస్తుంది.

అమెరికన్ మజిల్ కార్ల కోసం ‘క్లాసిక్ అమెరికన్ మజిల్’ అనే ప్రత్యేక విభాగం ఉంది. అందరూ దాన్ని క్యామ్ అంటారు. ఇందులో పాత తరం కార్లకు ‘క్యామ్-టీ’, కొత్త తరం కార్లకు ‘క్యామ్-సీ’, కార్వెట్ లాంటి రెండు సీట్ల కార్లకు ‘క్యామ్-ఎస్’ క్లాసులున్నాయి. 1965 మస్టాంగ్, 1967 కమారో లాంటివి క్యామ్-టీ కిందకు వస్తాయి. ఇంజిన్, సస్పెన్షన్ మార్పులకు ఇక్కడ బాగానే వెసులుబాటు ఉంది. టైర్ల మీద మాత్రం కచ్చితమైన షరతు పెట్టారు. దాని సంగతి కాసేపట్లో చూద్దాం. రూల్స్ ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది పుస్తకాన్నే చూడాలి.

మొదటి పని: కారు ఆగాలి

ఇది అన్నింటికన్నా ముఖ్యం. 1965, 66 మస్టాంగ్‌లలో బ్రేక్ మాస్టర్ సిలిండర్‌కు ఒకటే సర్క్యూట్. అంటే నాలుగు చక్రాల బ్రేకులూ ఒకే లైన్ మీద ఆధారపడ్డాయి. ఎక్కడో ఒక చోట పైపు పగిలినా, ఒక వీల్ సిలిండర్ లీకైనా పెడల్ నేరుగా అడుక్కి వెళ్లిపోతుంది. నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచి అమెరికన్ కార్లకు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్ వచ్చింది. ఒక లైన్ పోయినా రెండోది పనిచేస్తుంది. అంతకుముందు మోడల్ కారుతో పోటీకి వెళ్లాలనుకుంటే ముందుగా చేయించాల్సిన మార్పు ఇదే. ఆటోక్రాస్ సంగతి పక్కన పెట్టినా, రోజూ రోడ్డెక్కే కారుకైనా ఇది ప్రాణం కాపాడే మార్పు.

ఆ తర్వాత రబ్బరు హోస్‌లు. చక్రాల దగ్గర ఉండే ఈ హోస్‌లు బయటికి బాగానే కనిపించినా లోపల ఉబ్బి ఉంటాయి. వయసు తెలియకపోతే మార్చేయడమే మంచిది. ఇక బ్రేక్ ఆయిల్. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 బ్రేక్ ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తేమ పట్టాక ఆ పరిమితి 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4లో అవి 230, 155 డిగ్రీలు. ఆయిల్ మరిగితే లైన్‌లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడిపోతుంది. పాత ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పోయడం చాలా చౌక పని, ఫలితం మాత్రం పెద్దది.

ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించుకుంటే ఇంకా మంచిది. 1965లో ఇవి మస్టాంగ్‌కు ఆప్షన్‌గా దొరికేవి. ఇప్పుడు కిట్ల రూపంలో దొరుకుతున్నాయి. అయితే ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్నప్పుడు వెనక్కి వెళ్లే ప్రెషర్‌ను తగ్గించే వాల్వ్ తప్పనిసరి. లేదంటే గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు వెనుక చక్రాలు ముందే బిగుసుకుపోయి కారు గిరగిరా తిరుగుతుంది.

ఇంకో మాట. ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కు చక్రానికి 4 బోల్టులు, వీ8కు 5 బోల్టులు ఉంటాయి. ఆరు సిలిండర్ల కారు బ్రేక్ డ్రమ్ములు కూడా చిన్నవి. తక్కువ ధరకు ఆరు సిలిండర్ల కారు కొని అందులో వీ8 పెట్టేవాళ్లు ఈ సంగతి మరిచిపోతే పెద్ద ఇంజిన్‌కు చిన్న బ్రేకులు మిగులుతాయి.

రెండో పని: విడిపోయేవి, లీకయ్యేవి, ఊగేవి

పోటీ రోజు ఉదయం ప్రతి కారునూ తనిఖీ చేస్తారు. దీన్ని ‘టెక్’ అంటారు. బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా? యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తోందా? బ్రేక్ పెడల్ గట్టిగా ఉందా? వీల్ బేరింగ్, బాల్ జాయింట్, టై రాడ్‌లో ఊగిసలాట ఉందా? వీల్ నట్లు అన్నీ ఉన్నాయా? హబ్‌క్యాప్‌లు తీసేశారా? ఇవన్నీ చూస్తారు. వీటిలో ఒక్కటి తప్పినా ట్రాక్ ఎక్కనివ్వరు. కాబట్టి ఇంట గెలిచి రచ్చ గెలవాలి. కారును జాక్ స్టాండ్ల మీద పెట్టి ఒక్కో చక్రాన్నీ చేత్తో ఊపి ముందే చూసుకోవాలి.

పాత కార్లలో పెట్రోల్ లైన్ల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి. ఇప్పుడు అమెరికాలో అమ్మే పెట్రోల్‌లో సాధారణంగా 10 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అరవైల నాటి రబ్బరుకు ఇథనాల్ పడదు. హోస్‌లు పగుళ్లు వచ్చి చెమ్మ కడతాయి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇథనాల్‌ను తట్టుకునే కొత్త హోస్‌లు వేయించి, చేతికందే చోట ఒక ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బిగించుకోవాలి.

సీటు బెల్టుల విషయంలోనూ అంతే. అమెరికాలో ముందు సీట్లకు భుజం బెల్టులు 1968 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కార్లలో నడుము బెల్టే దిక్కు. మూడు పాయింట్ల బెల్టు కిట్ వేయించుకోవచ్చు. అయితే రేస్ కార్లలా భుజాల మీద రెండు పట్టీలుండే హార్నెస్ చూసి మురిసిపోవద్దు. రోల్ బార్ లేకుండా హార్నెస్ వాడితే ప్రమాదం ఎక్కువ. కారు బోల్తా పడి పైకప్పు నొక్కుకుపోతే మనిషి పక్కకు ఒరిగే అవకాశమే ఉండదు. ఇక హెల్మెట్‌పై స్నెల్ లాంటి గుర్తింపు ముద్ర ఉండాలి. 1956లో రేసులో చనిపోయిన డ్రైవర్ పీట్ స్నెల్ పేరు మీద మరుసటి ఏడాది ఏర్పడిన ఫౌండేషన్ స్నెల్ ప్రమాణాలు నిర్ణయిస్తుంది. కొత్తగా వచ్చేవాళ్లకు చాలా క్లబ్బులు హెల్మెట్ అక్కడికక్కడే అరువిస్తాయి.

మూడో పని: టైర్లు.. అసలు ఆట ఇక్కడే

కారు ఎంత పెద్దదైనా నేలను తాకేది నాలుగు అరచేతులంత రబ్బరే. బ్రేక్ వేసినా, తిప్పినా, యాక్సిలరేటర్ తొక్కినా ఆ నాలుగు ముక్కలే పని చేయాలి. అందుకే ఒకే ఒక్క మార్పుతో ఎక్కువ సెకన్లు తగ్గాలంటే టైర్లను మించింది లేదు.

టైరు పక్కన ‘ట్రెడ్‌వేర్’ అని ఒక నంబర్ ఉంటుంది. అది ఎక్కువైతే టైరు ఎక్కువ కాలం మన్నుతుంది. తక్కువైతే రబ్బరు మెత్తగా ఉండి నేలను బాగా పట్టుకుంటుంది, త్వరగా అరిగిపోతుంది. మామూలు ఫ్యామిలీ కారు టైర్లపై ఇది 400 నుంచి 600 వరకూ కనిపిస్తుంది. క్యామ్‌లో 200 కంటే తక్కువ నంబర్ టైర్లు వాడకూడదు. అందరికీ ఒకటే గీత కాబట్టి, పోటీ పడేవాళ్లంతా సరిగ్గా ఆ 200 దగ్గరే ఆగుతారు.

సమస్య ఏంటంటే, 1965 మస్టాంగ్ వీ8కు వచ్చినవి 14 అంగుళాల చక్రాలు. ఆ సైజులో ఇలాంటి టైర్లు దొరకడం కష్టం. అందుకే చాలామంది 17 అంగుళాల చక్రాలకు మారతారు. కానీ వెడల్పు టైరు దొరికిందని కొనేయొద్దు. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు టైరు ఫెండర్‌కు రాసుకోకూడదు, సస్పెన్షన్ కిందకు నొక్కుకున్నప్పుడు వెనుక టైరు లోపలి అంచుకు తగలకూడదు. కొలతలు తీసుకున్నాకే ఆర్డర్ పెట్టాలి.

తయారీ తేదీ కూడా చూడాలి. టైరు పక్కన డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గ్యారేజీలో పదేళ్లు పడున్న టైరు చూడటానికి నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడిపోతుంది. అది చక్రమే కానీ పట్టు ఉండదు.

నాలుగో పని: చక్రం నిలబడే తీరు

కారు కుడికి తిరిగితే బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. బాడీ ఎడమకు వాలుతుంది. దానితో పాటే చక్రం కూడా వాలి, టైరు బయటి అంచు మీద నిలబడుతుంది. అంటే ఎనిమిది అంగుళాల టైరు కొని రెండు అంగుళాలే వాడుకున్నట్టు.

దీనికి మందు అలైన్‌మెంట్. చక్రం పైభాగం కాస్త లోపలికి వాలేలా సెట్ చేస్తారు. దీన్నే నెగెటివ్ కాంబర్ అంటారు. మలుపులో బాడీ వాలినప్పుడు టైరు సమంగా నేలకు ఆనుతుంది. అరవైల నాటి మాన్యువల్‌లో ఉన్న సెట్టింగులు ఆనాటి బయాస్ ప్లై టైర్ల కోసం రాసినవి. నేటి రేడియల్ టైర్లకు అవి సరిపోవు. పాత మాన్యువల్ చూసి అలైన్‌మెంట్ చేయిస్తే కొత్త టైర్ల డబ్బు సగం వృథా అయినట్టే. రోడ్డు మీద కూడా తిరిగే కారుకు ముందు చక్రాలకు ఒకటిన్నర డిగ్రీల దగ్గర నెగెటివ్ కాంబర్, వీలైనంత పాజిటివ్ క్యాస్టర్‌తో మొదలుపెట్టడం వాడుకలో ఉన్న పద్ధతి.

మస్టాంగ్‌లో ఇంకో కిటుకు ఉంది. దాని పేరు ‘షెల్బీ డ్రాప్’. ముందు సస్పెన్షన్ పై ఆర్మ్‌ను బిగించే రంధ్రాలను సుమారు ఒక అంగుళం కిందకు కొత్తగా వేస్తారు. 1965 జీటీ350 కార్లలో చేసింది ఇదే. ఫోర్డ్ ఇంజినీర్ క్లాస్ ఆర్నింగ్ ఆలోచన కాబట్టి దీన్ని ‘ఆర్నింగ్ డ్రాప్’ అని కూడా అంటారు. దీనివల్ల మలుపులో చక్రం సరైన కోణంలో ఉంటుంది, కారు ముందు భాగం కూడా కొంచెం కిందకు దిగుతుంది. ఖర్చు దాదాపు డ్రిల్లింగ్ కూలీ అంతే. కాకపోతే కొలత తప్పితే సరిచేయడం కష్టం. టెంప్లేట్ పెట్టి, అనుభవం ఉన్నవాళ్లతో చేయించాలి.

ఐదో పని: ఊగుడు తగ్గించడం

ఇప్పుడు స్ప్రింగులు, షాకబ్జార్ల వంతు. ముందు వైపు లావుపాటి యాంటీ రోల్ బార్, నాణ్యమైన షాకబ్జార్లు, కాస్త గట్టి స్ప్రింగులు.. ఈ మూడూ కలిస్తే కారు పడవలా ఊగడం తగ్గుతుంది. అలాగని మరీ బిగిస్తే పార్కింగ్ లాట్‌లోని గతుకుల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. గాల్లో ఉన్న చక్రం కారును తిప్పలేదు.

బాడీ గట్టిదనం కూడా ముఖ్యమే. మస్టాంగ్‌లో ముందు స్ప్రింగు పై ఆర్మ్ మీద కూర్చుని ఇంజిన్‌కు అటూ ఇటూ ఉన్న టవర్లను నెడుతుంది. మలుపుల్లో ఆ టవర్లు కదిలితే చేయించిన అలైన్‌మెంట్ అంతా గాలికిపోతుంది. అందుకే రెండు టవర్లనూ కలిపే ‘మాంటే కార్లో బార్’, వాటిని వెనుక గోడకు కలిపే ‘ఎక్స్‌పోర్ట్ బ్రేస్’ బిగిస్తారు. ఇక కమారోలో ముందు భాగం బోల్టులతో బిగించిన విడి సబ్‌ఫ్రేమ్. దాని బుష్‌లు అరిగిపోతే కారు రెండు ముక్కల్లా ప్రవర్తిస్తుంది. సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లు అందుకే.

ఆరో పని: స్టీరింగ్, సీటు

కోన్ల మధ్య దారి సెకనుకోసారి మారుతుంది. నాలుగు చుట్లకు పైగా తిరిగే స్టీరింగ్‌తో చేతులు చక్రం వెనుక పరుగులు పెడుతూనే ఉంటాయి. తక్కువ చుట్లలో తిరిగే స్టీరింగ్ బాక్స్ వేయిస్తే కారు సగం చిన్నదైనట్టు అనిపిస్తుంది. అయితే పవర్ స్టీరింగ్ లేకపోతే తిప్పడం బరువెక్కుతుంది.

సీటు గురించి ఎవరూ పట్టించుకోరు. నున్నటి వినైల్ సీటు మీద డ్రైవర్ అటూ ఇటూ జారిపోతుంటే, పడిపోకుండా స్టీరింగ్‌నే పట్టుకుంటాడు. పట్టుకుని వేలాడే చేతులు కారును నడపలేవు. నడుముకు, భుజాలకు ఆసరా ఇచ్చే సీటు టైమ్ తగ్గించడమే కాదు, కారు కింద ఏం జరుగుతుందో డ్రైవర్ ఒంటికి తెలిసేలా చేస్తుంది.

ఇంజిన్ వంతు ఇప్పుడే.. అది కూడా పవర్ కోసం కాదు

పరుగంతా రెండో గేరులోనే కాబట్టి, పై వేగంలో వచ్చే గరిష్ఠ హార్స్‌పవర్‌తో పెద్దగా పనిలేదు. మలుపు దాటగానే వెంటనే, వణుకు లేకుండా అందే పవర్ కావాలి. పాత ఇంజిన్‌కు మలుపుల్లో రెండు కష్టాలు వస్తాయి. ఒకటి, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోల్ ఒక పక్కకు పోయి ఇంజిన్ మధ్యలో ఊపిరాడనట్టు తడబడుతుంది. ఫ్లోట్ లెవెల్ సరిచేయడంతో చాలావరకు నయమవుతుంది. రెండోది ఇంకా ప్రమాదం. ఆయిల్ కూడా అలాగే పక్కకు పోతే పంపు ఆయిల్‌కు బదులు గాలి పీలుస్తుంది. బేరింగులు పాడవడానికి కొన్ని సెకన్లు చాలు. ఆయిల్ లెవెల్ నిండుగా ఉంచాలి. నేలను బాగా పట్టుకునే టైర్లతో పోటీ పడేవాళ్లు లోపల అడ్డగోడలున్న ఆయిల్ ప్యాన్ వేయించుకోవాలి.

డిఫరెన్షియల్ కూడా చూడాలి. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ ఉంటే మలుపులో తేలిక పడ్డ లోపలి చక్రం ఒక్కటే పొగలు కక్కుతూ తిరుగుతుంది, కారు ముందుకు కదలదు. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఉంటే రెండు చక్రాలకూ పని పంచుతుంది. కొత్త క్యామ్‌షాఫ్ట్ కొనే డబ్బు ముందు ఇక్కడ పెట్టడం తెలివైన పని.

పోటీ రోజు ఏం చేయాలి?

పొద్దున్నే వెళ్లి ట్రాక్‌ను కాలినడకన కనీసం రెండు మూడు సార్లు చుట్టి రావాలి. కారులో కూర్చున్నాక కోన్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. నడిచినప్పుడే దారి బుర్రలోకి ఎక్కుతుంది. డిక్కీలోని స్టెప్నీ, జాక్, సీటు కింది వాటర్ బాటిల్ అన్నీ దించేయాలి. వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో మరోసారి చూడాలి.

టైరు అంచున సుద్దముక్కతో గీత గీస్తే గాలి సరిపోయిందో లేదో పరుగు తర్వాత తెలిసిపోతుంది. గీత పూర్తిగా చెరిగి ఇంకా పక్కకు అరిగితే గాలి తక్కువైనట్టు, గీత అలాగే ఉంటే ఎక్కువైనట్టు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. దాన్ని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. తమ పరుగులు అయ్యాక ట్రాక్ మీద నిలబడి పడిపోయిన కోన్లు ఎత్తి పెట్టడం కూడా పోటీదారుల పనే. అప్పుడే మిగతావాళ్లు ఎక్కడ బ్రేక్ వేస్తున్నారో ఉచితంగా నేర్చుకోవచ్చు.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లకు ఒక మాట. ఇందులో దిగడానికి మజిల్ కారే ఉండాలని లేదు. రోజూ ఆఫీసుకు వెళ్లే సెడాన్‌తోనూ పాల్గొనొచ్చు. డాలస్, బే ఏరియా లాంటి చోట్ల క్లబ్బులు చురుగ్గా ఉన్నాయి. కాకపోతే చాలా ఇన్సూరెన్స్ పాలసీలు టైమ్ పెట్టి నడిపే పోటీల్లో జరిగిన నష్టానికి డబ్బు చెల్లించవు. ముందే చదువుకోవాలి.

ఎక్కడ ఆగాలి?

చాలా పాత కార్లు ట్రాక్ మీద కాదు, గ్యారేజీలో ఓడిపోతాయి. ఉత్సాహంగా అన్నీ ఒకేసారి విప్పేస్తారు. డబ్బు అయిపోతుంది, ఓపిక అయిపోతుంది, కారు ఏళ్ల తరబడి జాక్ స్టాండ్ల మీదే ఉండిపోతుంది. ఆరంభ శూరత్వానికి ఇంతకంటే ఉదాహరణ ఉండదు. అందుకే బ్రేకులు, బెల్టులు, హోస్‌లు.. ఈ భద్రతా పనులు పూర్తి కాగానే కారును ఉన్నది ఉన్నట్టుగా రెండు మూడు పోటీలకు తీసుకెళ్లాలి. తర్వాత ఏం మార్చాలో కారే చెబుతుంది.

ఇంకో జాగ్రత్త. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలోనే ఉన్న అరుదైన కారుకు రంధ్రాలు వేయొద్దు. 271 హార్స్‌పవర్ ఇంజిన్‌తో వచ్చిన అసలు మస్టాంగ్ లాంటి వాటి విలువంతా ఆ అసలుతనంలోనే ఉంది. మార్చేస్తే అసలుకే ఎసరు. విప్పిన ప్రతి పాత భాగాన్నీ చీటీ రాసి దాచుకోవాలి. ఆటోక్రాస్‌కు మామూలు 289 ఇంజిన్‌తో, గీతలు పడ్డ పెయింట్‌తో ఉన్న కారే సరైన గుర్రం.

ఇవన్నీ చేశాక కూడా మొదటి సీజన్‌లో ఆ చిన్న మియాటాయే ముందుండొచ్చు. కానీ తేడా ఇప్పుడు ఎన్ని సెకన్లో, అది కారుదో డ్రైవర్‌దో స్పష్టంగా తెలుస్తుంది. కారు ఆగుతోంది, తిరుగుతోంది, నేలను పట్టుకుంటోంది. ఇక మిగిలిన సెకన్లు దొరికేది స్పేర్ పార్ట్స్ షాపులో కాదు.. మరిన్ని పరుగుల్లోనే!